బోర్డు వేడి లెక్క కొన్నవాడి సొత్తు

డబ్బులిచ్చి మదర్‌బోర్డు కొన్నాక, దాని మీద ఏ మూల ఎంత వేడి ఉంది, ఏ ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతోంది, ఏ లైనులో ఎన్ని వోల్టులు వస్తున్నాయి అన్న లెక్క కొన్నవాడికి దక్కాలి. ఆ లెక్క చూడాలంటే తయారీ కంపెనీ సాఫ్ట్‌వేరే వేసుకోవాలనీ, అది విండోస్ లోతుల్లో దింపే డ్రైవర్‌ను గుడ్డిగా నమ్మాలనీ షరతు ఉండకూడదు. ఇవాళ నడుస్తున్నది దాదాపుగా ఆ షరతే. ఖమ్మంలో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తూ, రిపేర్లు చేస్తూ బతుకుతున్నవాడిగా ఇది మారాలని గట్టిగా అడుగుతున్నాను.

అందరి చేతుల్లోనూ ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ ఉన్న రోజుల్లో డెస్క్‌టాప్ బోర్డు గురించి ఇంత పట్టింపు దేనికని ఎవరైనా అనుకోవచ్చు. మా దగ్గర డెస్క్‌టాప్ మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి. ఫొటో స్టూడియోలు, వీడియో మిక్సింగ్ చేసేవాళ్లు, ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులు, డీటీపీ సెంటర్లు, మీసేవ కేంద్రాలు అన్నీ వాటి మీదే నడుస్తాయి. వీళ్లలో స్టూడియో వాళ్లకు వైశాఖం, జ్యేష్ఠం పెళ్లిళ్లే ఏడాది సంపాదన. సరిగ్గా అదే సమయంలో ఖమ్మంలో ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. పెళ్లి వీడియో రెండర్‌కు పెడితే ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి లోడు మీద ఉంటుంది. ఏసీ లేని గదిలో గాలే 38 డిగ్రీలుంటే, ఏ కూలరూ ప్రాసెసర్‌ను అంతకంటే చల్లగా ఉంచలేదు. చలికాలంలో 24 డిగ్రీల గదిలో 78 దగ్గర నిలకడగా పనిచేసిన మెషీన్, అదే ఫ్యాను వేగంతో, అదే పనికి మే నెలలో 92కు చేరుతుంది. గదిలో పెరిగిన వేడి ఎంతో, లోపల పెరిగేదీ ఇంచుమించు అంతే.

వేడి హద్దు దాటకుండా ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటుంది. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఆ హద్దు ఎక్కువగా 100 డిగ్రీలు, రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. అక్కడికి చేరగానే వేగం తగ్గించుకుంటుంది. అయితే ఆ సంగతి తెర మీద ఎక్కడా కనిపించదు. యజమానికి తెలిసేదల్లా రెండు గంటల పని మూడున్నర గంటలు పట్టడమే. వైరస్ అనుకుంటాడు, ర్యామ్ చాలలేదనుకుంటాడు, విండోస్ మళ్లీ వేయమంటాడు. విండోస్ టాస్క్ మేనేజర్ గ్రాఫిక్స్ కార్డు వేడిని 2020 నుంచి చూపిస్తోంది. ప్రాసెసర్ వేడికి మాత్రం అందులో గడి లేదు.

ఆ సమాచారం బోర్డు మీద లేక కాదు. డెస్క్‌టాప్ బోర్డు మీద సూపర్ ఐవో అనే చిన్న చిప్పు ఉంటుంది. ఎక్కువగా నువోటన్ కంపెనీదో, ఐటీఈ కంపెనీదో అయి ఉంటుంది. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగితే రెండు పల్సులు పంపుతుంది, వాటిని లెక్కపెట్టి ఈ చిప్పు నిమిషానికి ఎన్ని చుట్లో తేలుస్తుంది. బోర్డు మీద అక్కడక్కడా అంటించిన థర్మిస్టర్ల నుంచి వేడిని, కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ డబ్బా నుంచి వచ్చే 12, 5, 3.3 వోల్టుల లైన్ల నుంచి వోల్టేజీని చదువుతుంది. ప్రాసెసర్ లోపల ఉండే డిజిటల్ సెన్సర్ల లెక్క దీనికి అదనం. కాబట్టి కొలిచే పరికరం ధర మనం బోర్డు కొన్న రోజే కట్టేశాం. దాని రీడింగు మన చేతికి రావడం దగ్గరే చిక్కంతా ఉంది.

బయటివాళ్లు ఏళ్ల తరబడి కష్టపడి ఆ చిక్కు విప్పుతూ వచ్చారు. 1990ల్లో నేషనల్ సెమీకండక్టర్ చేసిన ఎల్ఎం78 చిప్పు పేరు మీదే లైనక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్ ప్రాజెక్టు వచ్చింది. విండోస్‌లో మొదట మదర్‌బోర్డ్ మానిటర్ ఉండేది. అలెగ్జాండర్ వాన్ కామ్ అనే ఒక్క మనిషి దాన్ని రాశాడు, 2004లో ఆపేశాడు. తర్వాత అల్ఫ్రెడో మిలానీ కొంపరెత్తి రాసిన స్పీడ్‌ఫ్యాన్ చాలాకాలం మా రిపేరువాళ్లందరి పెన్‌డ్రైవుల్లో ఉండేది. ఇప్పుడు మార్టిన్ మాలిక్ రాసే హెచ్‌డబ్ల్యూఇన్ఫో, సీపీయూఐడీ వాళ్ల హెచ్‌డబ్ల్యూమానిటర్, రెమీ మెర్సియే రాసిన ఫ్యాన్ కంట్రోల్ వాడుతున్నాం. ప్రపంచంలో ఇన్ని డెస్క్‌టాప్‌ల ఆరోగ్యం గుప్పెడు మంది ఓపిక మీద ఆధారపడి ఉంది. వాళ్లకు నేను రుణపడి ఉన్నాను. బోర్డు కంపెనీలు చేయాల్సిన పని వాళ్లు చేస్తున్నారన్నదీ అంతే నిజం.

ఆ కష్టం ఎందుకంటే, చిప్పు ఏదో తెలిసినా దాని ఏ కాలికి ఏ తీగ కలిపారో బోర్డు కంపెనీ బయటపెట్టదు. ఒకే నువోటన్ చిప్పును పది మోడళ్లలో పది రకాలుగా కలపొచ్చు. ఏ సెన్సరూ కలపకుండా వదిలేసిన కాలి నుంచి సాఫ్ట్‌వేర్ 127 డిగ్రీలని చదువుతుంది. అది చూసి బోర్డు కాలిపోతోందని హడలిపోయి నా దగ్గరికి మెషీన్ మోసుకొచ్చినవాళ్లు ఉన్నారు. వోల్టేజీ లెక్క ఇంకా తికమక పెడుతుంది. 12 వోల్టులను ఆ చిప్పు నేరుగా కొలవలేదు. రెండు రెసిస్టర్లతో దాన్ని చిన్నదిగా విడగొట్టి చిప్పుకు ఇస్తారు. ఆ రెసిస్టర్ల నిష్పత్తి తెలిస్తేనే సాఫ్ట్‌వేర్ అసలు వోల్టేజీని వెనక్కి లెక్కగట్టగలదు.

మా దగ్గర ఒక డీటీపీ సెంటర్ నడిపే అక్క మెషీన్‌లో మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ 12 వోల్టుల లైను 8 వోల్టులే ఉన్నట్టు చూపించింది. ఎస్‌ఎంపీఎస్ పోయిందని ఎవరో చెప్పారు, కొత్తది కొనడానికి ఆవిడ సిద్ధమైంది. మల్టీమీటర్ తీసి మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు తీగకూ నల్ల తీగకూ పెట్టి చూస్తే 12.1 వచ్చింది. ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 11.4 నుంచి 12.6 మధ్య ఉంటే చాలు. ఎస్‌ఎంపీఎస్ నిక్షేపంగా ఉంది. ఆ బోర్డు రెసిస్టర్ల నిష్పత్తి సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోవడం వల్ల ఒక చిన్న వ్యాపారి నాలుగైదు వేలు దండగ పెట్టేదే. ఆ నిష్పత్తి రాయడానికి ఒక కాగితంలో ఒక వరుస చాలు.

మరి కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు కదా అంటారు. ఆసుస్‌కు ఆర్మరీ క్రేట్, గిగాబైట్‌కు కంట్రోల్ సెంటర్, ఎంఎస్ఐకి ఎంఎస్ఐ సెంటర్, ఏఎస్‌రాక్‌కు ఏ-ట్యూనింగ్ ఉన్నాయి. ఇలాంటి ప్యాకేజీల్లో రంగు దీపాలు, డ్రైవర్ అప్‌డేట్లు, గేమ్ ప్రొఫైళ్లు కూడా పోగుచేయడం రివాజైంది. మూడు ఫ్యాన్ల వేగం చూడాలనుకున్నవాడి మెషీన్‌లో నిరంతరం నడిచే సర్వీసులు వరసగా వచ్చి చేరతాయి.

పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఒక స్టూడియో తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, రెండర్ మొన్నటిదాకా బానే ఉంది, ఇప్పుడు సగం వేగం కూడా లేదు. రేపు పొద్దున పెళ్లివాళ్లకు వీడియో ఇయ్యాలె" అన్నాడు. వెళ్లి చూస్తే ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర కూర్చుని ఉంది, ఫ్యాను మాత్రం నెమ్మదిగా తిరుగుతోంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ తనంతట తాను అప్‌డేట్ అయ్యి, ఫ్యాన్లను చప్పుడు తక్కువ ఉండే ప్రొఫైల్‌లోకి మార్చేసింది. అతన్ని అడిగింది లేదు, చెప్పిందీ లేదు. ఆ ప్యాకేజీని పూర్తిగా తీసేసి, బయోస్‌లోకి వెళ్లి, 70 డిగ్రీలు దాటితే ఫ్యాను పూర్తి వేగం అందుకునేలా కర్వ్ పెట్టాను. హీట్‌సింక్‌లో దుమ్ము ఊది, థర్మల్ పేస్ట్ మార్చాను. 80ల్లోకి దిగింది, రాత్రికి వీడియో అయిపోయింది. ఫ్యాను ఎప్పుడు ఎంత తిరగాలో తేల్చుకునే హక్కు ఆ స్టూడియో యజమానిదని నేను నమ్ముతున్నాను. మెషీన్ అతనిది, పెళ్లివాళ్లకు జవాబు చెప్పుకునేదీ అతనే.

ఇంతకంటే పెద్ద భయం భద్రత గురించి. బోర్డు చిప్పులతో మాట్లాడాలంటే విండోస్ లోతుల్లో, అంటే కెర్నల్‌లో, నడిచే డ్రైవర్ కావాలి. ఆ డ్రైవర్‌లో లోపం ఉంటే మెషీన్ తాళంచెవులన్నీ దొంగ చేతికి ఇచ్చినట్టే. ఇది ఊహ కాదు. గిగాబైట్ యాప్ సెంటర్‌తో వచ్చే డ్రైవర్‌లో లోపాలున్నాయని సెక్యూర్ఆథ్ సంస్థ 2018 డిసెంబరులో బయటపెట్టింది. 2020 ఫిబ్రవరిలో సోఫోస్ పరిశోధకులు చూపించినదేమిటంటే, రాబిన్‌హుడ్ అనే రాన్సమ్‌వేర్ ముఠా అదే డ్రైవర్‌ను తమతో తెచ్చుకుని, బాధితుల మెషీన్లలో వేసి, యాంటీవైరస్‌ను చంపేసింది. ఆ మెషీన్‌లో గిగాబైట్ బోర్డు ఉండాల్సిన అవసరం కూడా లేదు. డ్రైవర్ మీద చెల్లుబాటయ్యే సంతకం ఉంది, విండోస్‌కు అది చాలింది.

2023 మేలో ఎక్లిప్సియం సంస్థ ఇంకోటి చెప్పింది. 271 గిగాబైట్ మోడళ్లలో బయోస్ తనంతట తానే విండోస్‌లోకి ఒక ప్రోగ్రామ్‌ను దింపుతోందనీ, అది అప్‌డేట్లను సరైన తనిఖీ లేకుండా నెట్ నుంచి తెస్తోందనీ తేలింది. కంపెనీ ఆ తర్వాత బయోస్ సవరణలు విడుదల చేసింది. 2025 మేలో ఆసుస్ డ్రైవర్‌హబ్‌లో, ఒక చెడ్డ వెబ్‌సైటు తెరిస్తే చాలు మెషీన్ చేజారే లోపం బయటపడింది, దాన్నీ సవరించారు. 2018లో ఆసుస్ లైవ్ అప్‌డేట్ సర్వర్లలోకే చొరబడి కంపెనీ సంతకంతోనే చెడ్డ అప్‌డేట్లు పంపిన సంగతిని క్యాస్పర్‌స్కై 2019 మార్చిలో వెల్లడించింది. బాధ్యులు వేరువేరు, లోపాలు వేరువేరు. ఫ్యాను వేగం చూపించడం, అప్‌డేట్లు తేవడం లాంటి పనులకు ఇంతటి అధికారం ఉన్న సాఫ్ట్‌వేర్‌ను లక్షల ఇళ్లలో పెట్టడమే వీటన్నిటికీ మూలం.

స్వతంత్రంగా వచ్చే టూల్స్‌కూ ఈ చిక్కు తప్పలేదు. ఓపెన్ హార్డ్‌వేర్ మానిటర్, దాని వారసులు విన్‌రింగ్0 అనే ఉమ్మడి డ్రైవర్ మీద నడిచేవి. అందులో లోపం 2020లోనే నమోదైంది. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ దాన్ని ప్రమాదకరమని గుర్తించి ఆపడం మొదలుపెట్టింది. భద్రతాపరంగా అది సరైన నిర్ణయమే. కానీ ఫ్యాన్ల కోసం దాన్నే నమ్ముకున్నవాళ్లు ఒక్కరోజులో ఆగమయ్యారు. ఫ్యాన్ కంట్రోల్ లాంటివి తర్వాత పాన్‌ఐవో అనే కొత్త డ్రైవర్‌కు మారాయి. బోర్డు కంపెనీలు సరైన దారి తెరిచి ఉంటే, కొత్త డ్రైవర్‌కు సంతకం తెచ్చుకోవడానికి డబ్బుల్లేని డెవలపర్లు పాత డ్రైవర్‌ను పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఉండేది కాదు.

రీడింగు ఎంత ముఖ్యమో గత కొన్నేళ్లలో ప్రాసెసర్లు పోయిన తీరు చెబుతోంది. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7000ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని బోర్డుల మీద కాలిపోయాయి. ఏఎండీ అప్పుడు ప్రాసెసర్‌లోని ఎస్‌ఓసీ అనే భాగానికి వెళ్లే వోల్టేజీకి 1.3 వోల్టుల హద్దు పెట్టింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల గొడవ వచ్చింది. అవసరానికి మించిన వోల్టేజీ కారణమని ఇంటెల్ జూలైలో ఒప్పుకుంది, ఆగస్టులో 1.55 వోల్టులు దాటకుండా ఆపే మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులను మాత్రం ఏ అప్‌డేటూ బాగుచేయలేదు. ఇందులో బోర్డుల పాత్ర కూడా ఉంది. కోర్ ఐ9-13900కే ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 253 వాట్లని ఇంటెల్ రాస్తే, చాలా ఖరీదైన బోర్డులు ఆ గడిలో 4096 వాట్లు పెట్టి అమ్మాయి. అంటే హద్దే లేదు. ఆ సెట్టింగు కొన్నవాడు పెట్టింది కాదు, అతనికి చూపించిందీ కాదు. తన చిప్పుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయో మొదటి రోజు నుంచీ కళ్లముందు ఉంటే, ఎంతమంది ముందే జాగ్రత్తపడేవాళ్లో.

ఇదంతా తీర్చలేని సమస్యేమీ కాదు. కంప్యూటర్ లోపలే దారి చూపించే ఉదాహరణలున్నాయి. హార్డ్ డిస్కు ఏ కంపెనీదైనా దాని వేడినీ, పాడైన సెక్టార్లనూ స్మార్ట్ అనే ఉమ్మడి పద్ధతిలో ఏ సాఫ్ట్‌వేరైనా చదవగలదు. సర్వర్ల కోసం ఇంటెల్, హెచ్‌పీ, డెల్, ఎన్ఈసీ కలిసి 1998లోనే ఐపీఎంఐ ప్రమాణం తెచ్చాయి. సర్వర్‌లో ప్రతి సెన్సర్‌కూ పేరుంటుంది, హద్దులుంటాయి. డెస్క్‌టాప్‌లోనూ ఏసీపీఐ అనే ప్రమాణంలో వేడికీ ఫ్యాన్లకూ చోటు కేటాయించి ఉంది. చాలా బోర్డులు ఆ చోట ఎప్పుడు చూసినా కదలని ఒకే అంకె, 27.8 లాంటిది, పెట్టి వదిలేస్తాయి. లైనక్స్‌లో నువోటన్ చిప్పుల డ్రైవర్ తెరిచి చూస్తే, ఆసుస్ బోర్డుల పేర్లు ఒక్కొక్కటిగా రాసిన పొడవాటి జాబితా కనిపిస్తుంది. ఏ మోడల్‌ను ఏ దారిలో చదవాలో తెలుసుకోవడానికి చేసిన చాకిరీ అది.

అన్నీ తెరిచేస్తే జనం వోల్టేజీలు మార్చి బోర్డులు కాల్చుకుంటారని కంపెనీల తరఫున ఒక వాదన ఉంది. చూడటం వేరు, మార్చడం వేరు. కరెంటు మీటరులో రీడింగు చూసుకోవడానికీ, మీటరు సీలు తెంచడానికీ ఉన్నంత తేడా అది. నేను అడుగుతున్నది చదవడానికి మాత్రమే వీలిచ్చే దారి. రెండో వాదన వ్యాపార రహస్యం. థర్మిస్టర్ ఏ కాలికి కలిపారన్నది పోటీ కంపెనీ బోర్డు విప్పి ఒక పూటలో తెలుసుకోగలదు. ఆ రహస్యం నిలుస్తున్నది కొన్నవాడి దగ్గరా, రిపేరు చేసేవాడి దగ్గరా మాత్రమే.

అందుకే నా డిమాండ్లు నాలుగు. ఒకటి, ప్రతి మోడల్‌కూ బయోస్ ఫైలు ఇచ్చే పేజీలోనే సెన్సర్ల పట్టిక పెట్టాలి. ఏ ఇన్‌పుట్ దేనిది, ఏది ఖాళీ, వోల్టేజీ నిష్పత్తి ఎంత అన్నవి అందులో ఉండాలి. రెండు, ఆ రీడింగులను ఏసీపీఐ ద్వారా చదవడానికి మాత్రమే వీలుండేలా అందించాలి, అప్పుడు ప్రత్యేకమైన కెర్నల్ డ్రైవర్ అక్కర్లేదు. మూడు, ఫ్యాన్ల కర్వ్‌లూ వోల్టేజీ సెట్టింగులూ బయోస్‌లోనే ఉండాలి, విండోస్ ప్యాకేజీని బయోస్ తనంతట తాను దింపే సదుపాయం మొదట ఆపి ఉంచాలి. నాలుగు, ప్రాసెసర్ వేడినీ ఫ్యాను వేగాన్నీ మైక్రోసాఫ్ట్ టాస్క్ మేనేజర్‌లో చూపించాలి.

అది జరిగేదాకా డెస్క్‌టాప్ వాడేవాళ్లు చేయగలిగిన పనులూ ఉన్నాయి. మెషీన్ ఆన్ అవుతున్నప్పుడు డెల్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్‌లో హార్డ్‌వేర్ మానిటర్ పేజీ ఒకసారి చూడండి. ఫ్యాన్ల కర్వ్ అక్కడే పెట్టుకోండి. ఆసుస్‌లో దాన్ని క్యూ-ఫ్యాన్ అంటారు, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్. కంపెనీ ప్యాకేజీని దింపే ఆప్షన్ కనిపిస్తే ఆపేయండి. రెండు మూడు మానిటరింగ్ సాఫ్ట్‌వేర్లు ఒకేసారి నడపకండి, ఒకే చిప్పును ఒకేసారి చదవబోతే అంకెలు కలగాపులగం అవుతాయి. చలికాలంలో పూర్తి లోడు మీద మీ మెషీన్ వేడి ఎంతో రాసిపెట్టుకుంటే, వేసవిలో తేడా ఎండ వల్లనా దుమ్ము వల్లనా అన్నది తేలుతుంది.

ఇంత చేసినా విడివిడిగా మనం అడిగితే బోర్డు కంపెనీ వినదు, పెద్ద కొనుగోలుదారు అడిగితే వింటుంది. మన రెండు రాష్ట్రాల్లో అందరికంటే పెద్ద కొనుగోలుదారు సర్కారు. బడుల ల్యాబ్‌లకు, తహసీల్దారు ఆఫీసులకు, యూనివర్సిటీలకు డెస్క్‌టాప్‌లు టెండర్ల ద్వారానే వస్తాయి. ప్రాసెసర్ ఏమిటి, ర్యామ్ ఎంత, వారంటీ ఎన్నేళ్లు అని ఆ టెండర్లలో వరసగా రాస్తారు. బోర్డు సెన్సర్ల పట్టిక బహిరంగంగా ఇవ్వాలి, కంపెనీ సాఫ్ట్‌వేర్ అక్కర్లేకుండా రీడింగు కనిపించాలి అని ఇంకొక్క షరతు కలపడానికి పైసా ఖర్చు లేదు. రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లోనే కమిటీ వేసింది కాబట్టి ఈ కోరిక ఎవరికీ కొత్తగా వినిపించదు. ఐటీ పేరు చెప్పుకునే తెలంగాణ ఈ షరతు ముందు రాయాలి, ఆంధ్రప్రదేశ్ అందుకోవాలి. ఒక రాష్ట్రం టెండరు కోసం కంపెనీ ఒక మోడల్‌కు ఆ పట్టిక ఒకసారి ప్రచురిస్తే, అదే బోర్డు ఏ ఊళ్లో ఎవరు కొన్నా వాళ్లకూ అది పనికొస్తుంది.